సర్కారు కోళ్లు

నాగోలు మూసీ ఒడ్డున ఈరమ్మను కదిలిస్తే కొట్లాటే. ఏడేళ్ల బిడ్డ మెదడువాపుతో పోయాక నవ్వడం మానేసింది గానీ తిట్టడం మానలేదు. ఆమె వాకిట్లో పన్నెండు కోళ్లుండేవి. కోసుకు తినేవి కావవి. మా దోమల నివారణ ఆఫీసు వాటి కాళ్లకు నంబర్ల రింగులు తొడిగి ఆమెకు అప్పజెప్పింది. పక్కనున్న పందుల దొడ్డి నుంచి మెదడువాపు మోసుకొచ్చే దోమలు వాటినీ కుడతాయి. కోడికి జబ్బు రాదు, రక్తంలో మాత్రం దాని గుర్తు మిగులుతుంది. గుర్తు కనిపిస్తే బస్తీ అంతా మందు కొట్టాలి, పిల్లలకు టీకాలు వేయాలి. పదిహేను రోజులకోసారి ఆమె రెక్క ఎత్తి పట్టుకుంటే నేను సూది గుచ్చేవాణ్ణి.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. నేనూ దిగాను. ఈరమ్మ ఎల్బీ నగర్‌లో మా టెంటు దగ్గరికే వచ్చింది.

"ఓ అంతయ్యా! నెల దాటింది. కోళ్ల నెత్తురు తీయవా?"

"సమ్మెల ఉన్నమమ్మా. సూది ముట్ట."

"దోమలు గూడ సమ్మె చేస్తున్నయా, నీ మొఖం మండ!"

టెంటంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో నాడు వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టాం. అన్నం ఉడికింది, కూర లేదు. నా పాడు నోరు ఊరుకోలేదు.

"ఈరమ్మ కాడ సర్కారు కోళ్లున్నయి. సర్కారుదంటే మనదే గద!"

ఆమె బస్తీ వాడే, ఆటో నడిపే రామస్వామి, పది మందిని తీసుకుని లేచాడు. నేనూ వెంట నడిచాను.

ఈరమ్మ రోకలి పట్టుకుని గడపలో నిలబడింది. "ముట్టిండ్రంటే నెత్తి పలుగుతది!" అన్నంత పనీ చేసింది. మొదట చెయ్యి పెట్టినవాడి మూతి పగిలి పళ్లు రాలాయి. రామస్వామి రోకలి గుంజుకుని ఆమె ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. "ద్రోహి" అంటూ ఎవడో కడుపులో తన్నాడు. అక్కడే బండ మీద కోళ్ల మెడలు కోశారు. తలల్లేని కోళ్లు ఎగిరెగిరి ఆమె మొహం మీదే పడ్డాయి.

అప్పుడామె పాక్కుంటూ వెళ్లి, కోళ్ల నెత్తురు పట్టడానికి నేను వాళ్లింట్లో ఉంచిన ఖాళీ సీసాలు తెచ్చింది. ఒంటి చేత్తో ఒక్కో మెడ కింద ఒక్కో సీసా పట్టి, పన్నెండూ నా ముందు పెట్టింది.

"తీస్కపో."

సీసాలు సంచిలో వేసుకున్నాను. సిగ్గులేని జన్మ, ఆ కూరా తిన్నాను. సాయంత్రం దవాఖానలో ఇచ్చాను. ఏడింటిలో గుర్తు తేలింది. "ఇన్ని రోజులు ఏం పీకుతున్నవయ్యా?" అని డాక్టరమ్మ తిట్టింది.

మందు మిషను బస్తీకి చేరేసరికే రామస్వామి కూతురు గీతకు ఫిట్స్ మొదలయ్యాయి. నాలుగేళ్ల పిల్ల. మూడో రోజు పోయింది.

పాడె ముందు రామస్వామి ఈరమ్మ కాళ్ల మీద పడి, తల నేలకేసి కొట్టుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని ఆమె వాణ్ణి చూడనైనా లేదు. నన్నే చూసింది.

"ఆనికి తెల్వదు. నీకు తెల్సు గద, అంతయ్యా."