దివాణం రూపాయి మీద నీలం రంగు

మాది దివాణం. ఈ మాట నా అంతట నేను ఎవరికీ చెప్పను. తగరపువలస అవతల కొన్ని ఊళ్ళు ఒకప్పుడు మా పెద్దల చేతిలో ఉండేవి. నా వరకు వచ్చింది ఒక వెండి రూపాయల సంచి. అదీ నేనే అమ్మేశాను. పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చున్నాను. వెనక నవ్వుకునేవాళ్ళు ఉండేవారని తెలుసు. నవ్వుకోనిచ్చాను.

అందుకే ఆ ఆదివారం వన్‌టౌన్ హాల్లో ఒక వ్యాపారి బల్ల మీద మా దివాణం పేరు రాసిన అట్టముక్క కనబడగానే నా ఒళ్ళు మండింది. సంచి పోయినా పేరు మిగిలింది కదా అనుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఆ పేరు కూడా ఎవరి బల్ల మీదకో వచ్చి కూర్చుంది.

నాణేలు సేకరించేవాళ్ళు నెలకోసారి అక్కడ కలుస్తారు. నాతో వచ్చేది మల్కాపురంలో ఉండే ఒక నేస్తం. పోర్టులో వెల్డరుగా చేసి, నాతోపాటే రిటైరయ్యాడు. ఈ ఊళ్ళో నన్ను బావా అని పిలిచే మనిషి అతనొక్కడే. నేను మాత్రం అతన్ని ఇప్పటికీ మీరు అనే అంటాను. ఆ అట్టముక్కను నాకంటే ముందు చూసింది అతనే.

"బావా, బేగి రా! మీ ఇంటి రూపాయంట! నెమలి పింఛంలాగ ఎలాగ మెరిసిపోతందో సూడు. నాను కొనేత్తన్నాను."

"ఆగండి," అన్నాను.

"ఏటి ఆగేది? మీ దివాణం గడప మా వోళ్ళెవులూ తొక్కనేదు. ఆ ఇంటి రూపాయి మా ఇంటికొత్తానంటే నీకేటి నొప్పి?"

అతని చెయ్యి అప్పటికే జేబులో ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

రాణి బొమ్మ రూపాయి అది. అంచు చుట్టూ ముదురు నీలం, బుగ్గ మీద ఊదా, కిరీటం దగ్గర ఆకుపచ్చ. అట్టముక్క మీద మా దివాణం పేరు, దాని కింద ఇలా ఉంది: 'ఖజానా పెట్టెలో కదలకుండా ఉండి సహజంగా రంగు తిరిగిన రూపాయి.' వ్యాపారి బయట ఊరివాడు, బల్ల అవతలి కొసన ఇంకెవరితోనో మర్యాదగా మాట్లాడుతున్నాడు. మా మాటలు అతని చెవిన పడలేదు. నేనెవరో అతనికి తెలియదు.

నేను సంచి అమ్మిన సంగతి ఆ హాల్లో తెలిసినవారు ఒక్కరే. మూల కుర్చీలో కూర్చున్న సాయిబుగారు. పాతనగరంలో ఆయనకు పాత నాణేల దుకాణం ఉంది. ఆరేళ్ళ క్రితం నా సంచి తీసుకువెళ్ళింది ఆయన దగ్గరికే. ఒక రూపాయి తీసి కిటికీ వెలుగులో వాల్చి చూసి, "బాబుగారూ, వీటిని తోమారా?" అని అడిగారు.

తోమాం. ఏటా దసరాకు ముందు మా నాయనమ్మ ఖజానాలో వెండినంతా పెరట్లో గోనె మీద పోయించి, చింతపండుతో, బూడిదతో తోమించేది. తెల్లగా లేనిది లక్ష్మి కాదని ఆవిడ నమ్మకం. పిల్లలం పందెం కట్టి తోమేవాళ్ళం. ఎవరి రూపాయి ఎక్కువ మెరిస్తే వాళ్ళకు అరిసె. అలా తోమి తోమి, సేకరించేవాళ్ళ కంట్లో వాటికి ఉండాల్సిన విలువంతా మా చేతులతో మేమే పోగొట్టుకున్నాం. సంచి మొత్తం వెండి తూకానికే పోయింది. సాయిబుగారు ఈ సంగతి బయట ఎక్కడా అనలేదు. ఆ సిగ్గు భరించలేకే నేను ఆయన దుకాణంలో శనివారాలు స్టూలు మీద కూర్చుని నాణెం చూడటం నేర్చుకున్నాను.

ఆయన నేర్పింది ఇది. కాగితంలోనో గుడ్డలోనో చుట్టి ఏళ్ళకేళ్ళు వదిలేస్తే వెండికి దానంతట అదే రంగు వస్తుంది. ముందు అంచున లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఎరుపు, ఊదా, ఆ పైన నీలం. ఒక దాంట్లో ఒకటి కరిగిపోతున్నట్టుంటాయి. వాల్చి చూస్తే రంగు అడుగున వెండి మెరుపు కదులుతుంది. అంతకాలం ఆగలేనివాళ్ళు గంధకం మందులో ముంచుతారు, సెగ చూపిస్తారు, ఉడికించిన గుడ్డుతో కలిపి డబ్బాలో మూసి పెడతారు. అప్పుడు రంగు మెట్లు ఎక్కదు, దూకుతుంది. ఎక్కడ పడితే అక్కడ మరకలా పట్టేస్తుంది. మెరుపు చచ్చిపోతుంది.

భూతద్దం అడిగి తీసుకున్నాను. తెలుపు పక్కనే నీలం. మధ్యలో పసుపు లేదు, తేనె రంగు లేదు. ఇంకొంచెం వాల్చాను. నీలం కింద సన్నటి గీతలు, గుండ్రంగా, బొటనవేలు తిప్పినట్టు. ఆ గీతలను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. రంగు ఆ గీతల్లోకి కూడా దిగింది. అంటే తోమిన తర్వాతే రంగు వచ్చింది.

"ఇది వేసిన రంగు," అన్నాను.

వ్యాపారి నవ్వాడు. "రంగు విషయంలో ఎవరి అభిప్రాయం వాళ్ళది సార్. దివాణంవాళ్ళ పెట్టెలో ఇది ఎలా ఉండేదో మీరు చూశారా?"

చుట్టూ పదిమంది చేరారు. చూశానంటే తోమిన సంగతి చెప్పాలి, అమ్మిన సంగతి చెప్పాలి. చెప్పకపోతే మా పేరుతో ఈ రంగు అమ్ముడుపోతుంది, అదీ నా నేస్తానికే. సాయిబుగారు నా వైపు చూసి తల దించుకున్నారు. నా గుట్టు కాపాడటానికి ఆయన ఇప్పుడు కూడా నోరు విప్పరని అర్థమైంది.

"చూశాను," అన్నాను. "ఆ దివాణం మాది."

నేను గొంతు తగ్గించలేదు. "మా ఇంట్లో వెండికి రంగు తిరగనిచ్చేవాళ్ళం కాదు. ఏటా దసరాకు చింతపండుతో తోమేవాళ్ళం. తెలివితక్కువ పని. ఆఖరి రూపాయి వరకు తెల్లగా ఉండగానే నేను అమ్మేశాను, ఆరేళ్ళయింది. ఇది మా ఇంటిదైతే ఈ రంగు అబద్ధం. ఈ రంగు నిజమైతే మా పేరు అబద్ధం. రెండింట్లో ఏది తీసేస్తారో తీసెయ్యండి."

సాయిబుగారు కర్ర పట్టుకుని లేచారు. "ఆ సంచి కొన్నది నేనే భాయ్. ఒక్క దాని మీదా రంగు లేదు. గుండు కొట్టించుకున్న పెళ్ళికొడుకుల్లా ఉన్నాయ్ అన్నీ!"

నవ్వులు మొదలయ్యాయి. వ్యాపారి ఇంకా వదల్లేదు. "ఆరేళ్ళలో ఈ సముద్రం గాలికి వచ్చి ఉండొచ్చు కదా సార్?"

అప్పుడు అందుకున్నాడు నా నేస్తం. "ఏటి బాబూ, ఈ ఊరి గాలి గురించి మాకే సెప్తన్నావా? మా ఆడోళ్ళ ఎండి పట్టీలు ఆర్నెల్లకి బొగ్గులాగ నల్లబడిపోతాయి. నెమలి రంగు ఏ పట్టీకీ రానేదు. ఇంకోటి సెప్తాను ఇను. నాను జీవితమంతా ఎల్డింగు సేసినోణ్ణి. స్టీలుకి సెగ తగిల్తే ముందు గడ్డి రంగు, తరవాత గోధుమ, తరవాత ఊదా, అప్పుడు నీలం. వరస తప్పదు. నీ రూపాయి ఒకటో క్లాసు సదవకుండా కాలేజీకెలిపోనాది!"

ఇక ఆ నవ్వు ఆగలేదు. వ్యాపారి కూడా చివరికి నవ్వేశాడు. "నాకూ ఇలాగే చెప్పి అంటగట్టారు సార్," అంటూ అట్టముక్క తీసి చించబోయాడు.

"చించితే సరిపోదు," అన్నాను. "కొత్తది రాయండి."

పెన్ను తీశాడు. నేను నిలబడి చెప్పాను, అతను రాశాడు. 'రాణి బొమ్మ రూపాయి. తోమినది. రంగు తర్వాత వేసింది.' మా పెద్దలు ఇలాగే నిలబడి తాఖీదులు రాయించేవారట. వాటిలో ఎన్ని నిజాలో నాకు తెలియదు. నేను రాయించిన మూడు ముక్కల్లో మాత్రం అబద్ధం లేదు. సాయిబుగారు తన కుర్చీని నా వైపు జరిపారు. ఆ మధ్యాహ్నం వరకు జనం తమ నాణేలు తెచ్చి నా ముందు పెడుతూనే ఉన్నారు. కూర్చున్నాను. అంత హాయిగా ఏ కుర్చీలోనూ కూర్చోలేదు.

నా నేస్తం ఆ రూపాయినే వెండి ధరకు కొన్నాడు. అది మా ఇంటిదో కాదో ప్రమాణం చెయ్యలేనన్నాను. "నీ ప్రమాణం ఎవులడిగినారు బావా? నువ్వు రాయించిన ఈ సీటీ సాలు," అన్నాడు.

మల్కాపురం బస్సులో ఆ అట్టముక్కను మూడుసార్లు పైకి చదివాడు. నాలుగోసారి కండక్టరుకు వినిపించాడు. "ఇది రాయించిందెవులనుకున్నావ్? ఈయనే. మా బావ."

"అలాగా. అయితే బావగారూ, టికెట్టు తియ్యండి," అన్నాడు కండక్టరు.

ఇద్దరికీ తీశాను.