ఆవిడ ఏం తిన్నారు?

సుధాకరరావు గారికి భయమంటే ఏమిటో అరవై ఎనిమిదో ఏట తెలిసింది. అంతవరకూ ఆయన భయపడగా చూసినవాళ్లు లేరు. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయి ఆఫీసంతా గగ్గోలు పెట్టినా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవారట. పోయిన ఏడాది చివర్లో గుండెకు స్టెంటు వేసిన మర్నాడు కూడా, ఆసుపత్రి వాళ్లిచ్చిన గంజిలో ఉప్పు లేదని నర్సుతో వాదన పెట్టుకున్నారు. ఆయన వంతు భయం కూడా భార్య అరుంధతే పడింది. నేను ఆవిడను వదినా అని పిలుస్తాను. బెడోక్‌లో మాది ఎదురు బ్లాకు, వంటింటి కిటికీలోంచి వాళ్ల ఇంట్లో దీపం కనిపిస్తుంది.

స్టెంటు తర్వాత ఇద్దరూ బుద్ధిమంతులైపోయారు. ఆవకాయ జాడీ మా ఇంటికొచ్చేసింది. తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో పరోటాలు మానేశారు. పొద్దున్నే రిజర్వాయర్ చుట్టూ నడక. వదినకు షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. మాత్ర ఒక్కపూట తప్పించేది కాదు. శనివారం వచ్చిందంటే ఇద్దరూ ఎటో ఒకవైపు బయల్దేరేవారు. ఓపిక ఉండగానే తిరగాలి అనేవారాయన. తిరిగి తిరిగి సాయంత్రానికి పుంగోల్‌లో కూతురు ప్రణవి ఇంటికి చేరి, అక్కడ భోంచేసి రైల్లో ఇంటికొచ్చేవారు.

అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో కూరలు కొంటున్నారు. బెండకాయ కొన విరిచి లేతదో కాదో చూడటం మనవాళ్లందరికీ అలవాటే. వదిన విరిచిన కాయే మళ్లీ విరుస్తూ నిలబడిపోయింది. కొట్టువాడు తమిళంలో విసుక్కున్నాడు. ఆవిడకు వినపడలేదు. "అరుంధతీ, పద" అని ఆయన భుజం తడితే తిరిగి చూసింది. ఆ చూపులో గుర్తింపు లేదు. నుదురంతా చెమట. ఆయన చెయ్యి పట్టుకుని పక్క హోటల్లో కూర్చోబెట్టి కాఫీ తాగించారు. కాసేపటికి తేరుకుని, "నాకు కాఫీ ఎందుకు తాగించారు? ఎవరు తాగించమన్నారు?" అని కయ్యిమంది. కాఫీకి ఇంత కోపమేమిటో ఆయనకు అర్థం కాలేదు. అదీ జబ్బులో భాగమేననుకున్నారు.

ఏ జబ్బనుకున్నారో చెప్పాలి. వదిన తల్లి సూరమ్మ గారు చివరి రోజుల్లో మతి తప్పి, కన్నకూతుర్నే పట్టుకుని "నువ్వెవరింటి పిల్లవమ్మా?" అని అడిగేది. తలుపు తెరిచి ఉంటే వీధిలోకి వెళ్లిపోయేది. అది కళ్లారా చూసిన అల్లుడీయన. తల్లికొచ్చింది కూతురికీ వచ్చిందని అక్కడే, ఆ హోటల్ బల్ల దగ్గరే, ఆయన గుండెల్లో రాయి పడింది.

చదువుకున్న మనిషి కదా, డాక్టరుకు చూపించొచ్చు కదా అని మీకనిపిస్తుంది. నాకూ అనిపించి, తర్వాత అడిగేశాను. "పేరు పెట్టి చెప్తే ఇంక అది మా ఇంట్లోనే ఉండిపోతుందమ్మా లలితా" అన్నారు.

ఏప్రిల్లో కూతురి కుటుంబంతో కలిసి బస్సులో మలేషియాలోని మలక్కా వెళ్లారు. అదీ శనివారమే. వదిన తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, బస్సులో అందరికీ తనే పంచింది. సరిహద్దు దగ్గర అందరూ దిగి, పాస్‌పోర్టులు చూపించి, అవతల మళ్లీ బస్సెక్కాలి. ఎక్కి చూస్తే వదిన లేదు. ఒకే రంగు బస్సులు, కిక్కిరిసిన జనం, కదలమని అరిచే డ్రైవరు. సుధాకరరావు గారు స్టెంటు సంగతి మర్చిపోయి ఆ బస్సుల మధ్య పరిగెత్తారు. ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. చివరికి ఒక స్తంభం పక్కన బెంచీ మీద కనిపించింది. ఎవరో మలయ్ ఆవిడ పక్కన కూర్చుని, తన సంచిలోంచి తీపి బిస్కెట్లు తీసి నోటికందిస్తోంది. వదిన ఒళ్లో ఫోను మోగుతూనే ఉంది. అదేమిటో తెలియనట్టు దానికేసి చూస్తోంది.

మలక్కా చేరేసరికి మామూలు మనిషైపోయి, మనవరాలు కీర్తికతో పూల రిక్షా ఎక్కి ఫోటోలు దిగింది. ఆయన మాత్రం ఆ ఊళ్లో ఏం చూశారో చెప్పలేరు. ఆవిడ కొంగు తప్ప మరేమీ చూడలేదు.

ఆ రోజునుంచి ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. టీవీ చూస్తూ చూస్తూ, "అరుంధతీ, మనం మొదట అద్దెకున్న ఫ్లాటు ఏ అంతస్తు?" అనేవారు. "ప్రణవి పెళ్లికి నీ పట్టుచీర ఏ రంగు?" అనేవారు. ఆవిడ టకటకా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆయనకు ఊపిరాడేది. మళ్లీ మర్నాటికి అనుమానం.

కొన్నాళ్లకు వదిన మా ఇంటికొచ్చి, తలుపు వేసి, గొంతు తగ్గించి, "లలితా, మీ అన్నయ్యగారు అన్నీ మర్చిపోతున్నారే. ప్రణవి పెళ్లికి నేను కట్టిన చీర రంగు కూడా నన్నే అడుగుతున్నారు. ఆ గుండె మందులు తలకెక్కాయంటావా?" అంది. నేను నవ్వేసి, రిటైరైన మగవాళ్లందరూ అంతే అని పంపేశాను. వదిన నవ్వలేదు. ఆ మొహంలో భయం నాకు కనిపించింది గానీ, అది ఎంత దూరం పోయిందో తెలియలేదు.

ఆ తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. ఒక శనివారం పుంగోల్‌లో, ఇంకా దీపాలు పెట్టకముందే, కీర్తిక బొమ్మ గీసి తెచ్చి చూపిస్తే వదిన ఆ పిల్ల మొహంలోకి చూసి, "నువ్వెవరింటి పిల్లవమ్మా?" అంది.

"అమ్మమ్మా, డోంట్ ప్లే లా!" అని కీర్తిక ఆటపట్టిస్తోందనుకుని నవ్వింది.

సుధాకరరావు గారు కుర్చీలోంచి లేచిపోయారు. అత్తగారి మాట, అక్షరం పొల్లుపోకుండా! ప్రణవి వంటింట్లోంచి వచ్చి, "నాన్నా, అమ్మకేమైంది?" అని అడిగితే, "నిద్ర చాల్లేదమ్మా, ఒక్కటే ఆవలింతలు పొద్దుట్నుంచీ" అని అబద్ధమాడారు. మర్నాడు బజారుకెళ్లి గొళ్లెం కొనుక్కొచ్చి, వదిన చెయ్యి అందనంత ఎత్తున వీధి తలుపుకు బిగించారు. దొంగల భయమని చెప్పారు. సింగపూర్లో, పదకొండో అంతస్తులో, దొంగల భయం!

ఆగస్టులో వాన కురుస్తున్న ఒక శనివారం ఆయన ఫోను చేశారు. "లలితా, తొందరగా రామ్మా" అని పెట్టేశారు. వెళ్లేసరికి వదిన వంటింట్లో నేల మీద పడి ఉంది. ఒళ్లంతా చెమటతో తడిసి చల్లగా ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే పలకదు. పొయ్యి మీద ఆయన కోసం పెట్టిన చారు మరుగుతోంది. నేను అంబులెన్సుకు ఫోను చేశాను. ఆయన ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, "ప్రణవి పెళ్లికి నీ చీర ఏ రంగు, చెప్పు అరుంధతీ, ఏ రంగు?" అని అడుగుతూనే ఉన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అంబులెన్సు కుర్రాళ్లు వచ్చి వేలి మీద సూదితో గుచ్చి చూశారు. షుగర్ బాగా పడిపోయిందన్నారు. నరానికి మందెక్కించారు. ఆసుపత్రికి చేరేలోపే వదిన కళ్లు తెరిచి, "చారు కింద పొయ్యి కట్టేశారా?" అంది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు చైనీసు అమ్మాయి. కాగితాలు చూసుకుని, సుధాకరరావు గారిని ఇంగ్లీషులో మామూలుగా అడిగింది. "అంకుల్, ఆంటీ ఈరోజు ఏం తిన్నారు?"

ఆయనకు తెలియదు.

"పోనీ, నిన్న రాత్రి?"

అదీ తెలియదు. ఆవిడ వేసుకునే మాత్ర రంగు ఆయనకు తెలుసు. కొన్ని నెలలుగా ఆవిడ ప్రతి తడబాటునూ కనిపెట్టి ఉన్నారు, పక్కమీద దొర్లినా లేచి చూశారు. తిన్నదో లేదో మాత్రం చూడలేదు. నాకు ఒళ్లు మండింది. మన ఇళ్లల్లో ఇదో దిక్కుమాలిన మర్యాద. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అని ఆవిడ అంటుంది, ఈయన తిని చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ "తర్వాత" ఎప్పుడొస్తుందో ఆయన చూసిన పాపాన పోలేదు. మా ఇంట్లోనూ అంతే.

వదినే మంచం మీంచి చెప్పింది. "ఏమీ తినలేదు. శనివారం కదా."

ఈయనకు స్టెంటు వేస్తున్న రోజున, సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి పరిగెత్తి, ఏడాది పాటు శనివారాలు ఉపవాసం ఉంటానని మొక్కుకుందట. మాత్ర తప్పకూడదు కనుక వేసుకునేది. మొక్కు తప్పకూడదు కనుక తినేది కాదు. చెబితే వద్దంటారని చెప్పలేదు. మొదట్లో పాలూ పండూ పుచ్చుకునేది. "ఈయన అన్నీ మర్చిపోతున్నారని భయమేసి అవి కూడా మానేశాను. పొద్దుగుంకి దీపం పెట్టేదాకా మంచినీళ్లే" అంది.

సుధాకరరావు గారు మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయారు. తను అడిగిన ప్రశ్నలే ఆవిడ నోటిదగ్గర అరటిపండు లాగేశాయన్నమాట. "నేను మర్చిపోలేదే. నీకు మతి పోతోందని, మీ అమ్మలా..." అని మాట పూర్తి చెయ్యలేక ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మాత్రకు తగ్గ తిండి లేక షుగర్ పడిపోయి, మెదడు మొరాయిస్తోందని డాక్టరు చెప్పింది. మతిమరుపు జబ్బు లక్షణాలేవీ కనిపించడం లేదంది. మందు మార్చి, ఉపవాసాలు పూర్తిగా మానెయ్యమంది. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. వదిన మాత్రం మొక్కులో ఇంకా మిగిలిన శనివారాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

ఆ తర్వాత వచ్చిన శనివారం సుధాకరరావు గారు నన్నూ రమ్మన్నారు. ఉప్మా ఆయనే చేశారు. అడుగంటింది. ప్లేటు వదిన ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ చెయ్యి కదలడం లేదు.

"మొక్కు మధ్యలో ఆపేస్తే..." అంది.

"ఏమీ కాదు."

"కాదని మీకెలా తెలుసు? మీ గుండెకేమైనా అయితే నావల్లే అవుతుంది. ఒక్క ముద్ద కోసం మిమ్మల్ని పోగొట్టుకోనా?" అంటూ ప్లేటు తోసేసింది.

దేవుడికి నేను చెప్తానులే అని నేనేదో అనబోయాను. ఆయన చేత్తో వారించారు.

"నాకేం కాదని నేను చెప్పలేను అరుంధతీ" అన్నారు మెల్లిగా. "నాకూ భయమే. కానీ ఆ రోజు నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానే, అలాంటి రోజు ఇంకొకటి వస్తే ఈ గుండె తట్టుకోదు. నన్ను బతికించుకోవాలనుంటే తిను."

వదిన చాలాసేపు ఆయన ఛాతీకేసి చూసింది. తర్వాత ప్లేటు దగ్గరికి లాక్కుంది. ప్రతి ముద్దకూ తలెత్తి, ఆయన బాగానే ఉన్నారో లేదో చూసుకుని, అప్పుడు మింగింది. కళ్లనీళ్లు ప్లేట్లో పడుతున్నాయి. ఆయన చివరి ముద్దదాకా కదల్లేదు.