నేను కనబడేదాకా దిగకు

ఆ రోజుల్లో టీచరు ట్రైనింగు పాసైన ఆడపిల్ల వికారాబాద్‌లో వీధికి ఒకతె ఉంటే గొప్ప. మా వీధికి ఆ ఒకతెను నేనే. అందుచేత వీధి మొత్తానికి సరిపడా తెలివి నా దగ్గరే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. ట్రైనింగులో మాకు మనుషుల మనస్తత్వం మీద నలభై పేజీల నోట్సు చెప్పి రాయించారు. అది కంఠతా పట్టాక ఇక నాకు అర్థంకాని మనిషి ఈ భూమ్మీద ఉండడనుకున్నాను. (ఉన్నాడు. తాండూరులో మా అమ్మమ్మ ఇంట్లోనే ఉన్నాడు. మా చిన్నమామ.) ఇరవయ్యేళ్ళ వయసులో ఉన్నంత ధైర్యం మళ్ళీ ఎప్పుడూ రాలేదు నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధైర్యం మీద ముచ్చటేస్తుంది, ఆ పిల్లను పట్టుకుని ఒక్కటి వేయాలనీ అనిపిస్తుంది.

చిన్నమామకు అప్పటికి ముప్పై అయిదు దాటాయి. నడక ఆలస్యంగా వచ్చింది, మాటలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి, చదువు అసలు రానేలేదు. ఒకసారి ఒక్క పని చెబితే చేస్తాడు, రెండు చెబితే రెంటి మధ్యా నిలబడిపోతాడు. కానీ కందిపప్పు చేటలో పోసి ముందు పెడితే మాత్రం ఆయనకు ఆయనే సాటి. తాండూరు బజారులో మా వాళ్ళది పప్పుల దుకాణం. పొద్దున్నే గోనెపట్టా పరుచుకుని కూర్చుని మట్టిబెడ్డ, రాయి, పుచ్చుగింజ ఒక్కటి మిగలకుండా ఏరేవాడు. పెళ్ళిళ్ళకు పప్పు కొనేవాళ్ళు "చిన్నసేటు ఏరిందే కావాలె" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవారు. ఆ మాట దుకాణంలో అందరికీ వినబడేది, మా పెద్దమామకు తప్ప.

పెద్దమామ చెడ్డవాడు కాదు. మీసాలు చూసి జనం భయపడేవారు గానీ లోపల బెదురుగొడ్డు. అమ్మమ్మకు ఆయాసం ఎక్కువై మంచం పట్టేసరికి ఆయనకు నిద్ర పట్టలేదు. తమ్ముడికి స్నానానికి నీళ్ళు తోడేది, గుండీలు పెట్టేది, ఉరుములొస్తే పక్కన కూర్చునేది అంతా అమ్మమ్మే. ఒక ఆదివారం మమ్మల్నందరినీ తాండూరు పిలిపించి, గొంతు సవరించుకుని, "పట్నంల పెద్ద దవాఖాన ఉన్నదట. గిసోంటోళ్ళను ఆడనే ఉంచుకుంటరట. గేటుకు తాళమేస్తరు, యాడికి పోకుండ. అన్నం బట్ట వాళ్ళే చూస్కుంటరు," అన్నాడు. చిన్నమామ పక్కనే కూర్చుని చేటలో పప్పు చెరుగుతున్నాడు. అమ్మమ్మ మంచం మీంచి తల తిప్పి, "నా తర్వాత వీనికెవరు అని ముప్పయ్యేండ్ల సంది అడుగుతున్న. గీ తాళంచెవేనా మీ జవాబు?" అంది.

నలభై పేజీల నోట్సు ఒక్కసారిగా నా నెత్తికెక్కింది. లేచి నిలబడి, "చిన్నమామను నా తాన ఉంచుండ్రి. ఒక్క నెలల మార్చి చూపిస్త. తన పని తనే చేస్కునెటట్టు చేస్త," అన్నాను. మా అమ్మ నా చీర కొంగు పట్టుకుని లాగింది. లాగితే కూర్చునే వయసా అది? పెద్దమామ మీసం దువ్వుకుని, "సరే బిడ్డా, ఒక్క నెల. నడుమల ఏ గడ్‌బడ్ అయినా పట్నమే. మళ్ళ నన్ను ఒక్క మాట అనొద్దు," అన్నాడు. పందెం కుదిరింది. పందెంలో పెట్టింది ఎవరి బతుకో ఆ మనిషిని మాత్రం మాలో ఒక్కరూ ఏమీ అడగలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తోచనే లేదు.

వచ్చే ఆదివారం పొద్దున బండికి పెద్దమామ తాండూరులో ఎక్కించాలి, నేను వికారాబాద్‌లో దింపుకోవాలి. ఆ లైన్లో గార్డుల నుంచి పల్లీలమ్మే ముసలమ్మ దాకా చిన్నమామను ఎరగనివాళ్ళు లేరు, కాబట్టి భయం లేదు. అయినా టీచర్ని కదా, పాఠం చెప్పకుండా ఉండలేను. ఆయన ఎదుట కూర్చుని, వేలు ఊపుతూ, "చిన్నమామా, బండెక్కినంక నేను కనబడేదాక దిగొద్దు. ఎవ్వలు పిలిచినా దిగొద్దు. నేను కనబడినంకనే దిగాలె. ఏం చెప్పిన?" అన్నాను. "నువ్వు కనబడేదాక దిగొద్దు. కనబడినంక దిగాలె," అన్నాడు. మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ అక్షరం పొల్లుపోలేదు. ఆహా, నా బోధన ఎంత గొప్పది అని మురిసిపోతూ ఇంటికొచ్చాను.

ఆదివారం తెల్లవారుజామునే లేచి చార్టు రాయడానికి కూర్చున్నాను. ఆరు గంటలకు పళ్ళు తోముట, ఆరుంబావుకు స్నానం, ఏడింటికి అక్షరములు, ఎనిమిదింటికి అంకెలు... ఇలా రాత్రి పడుకునే దాకా. (చదువు రాని మనిషి గోడ మీది చార్టు ఎలా చదువుతాడన్న అనుమానం నోట్సులో లేదు, కనుక నాకూ రాలేదు.) రాయడం అయిపోయింది గానీ అంచు బోసిగా కనిపించింది. ఎర్రసిరాతో తీగ, పచ్చసిరాతో ఆకులు మొదలుపెట్టాను. మూడు వైపులా అయ్యాయి. నాలుగో వైపు వదిలేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అమ్మ వంటింట్లోంచి "బండి ఏళ అయితున్నదే!" అని రెండుసార్లు అరిచింది. "వస్తున్న" అంటూ ఇంకో నాలుగు ఆకులు వేశాను. స్టేషన్‌కు పరిగెత్తేసరికి బండి చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటుతోంది.

హమాలీని పట్టుకుని అడిగితే, "చిన్నసేటా? కిటికీల కూసున్నడమ్మా. దిగు సేటూ అని నేను పిలిచిన, ఇద్దరు ముగ్గురు పిలిచిన్రు. ఊహూ, తల అడ్డం ఊపిండు," అన్నాడు. బండి పట్నం పోతోంది. ఏ పట్నానికి పంపకూడదని నేను పందెం కట్టానో ఆ పట్నానికే స్వయంగా పంపించాను. స్టేషన్ మాస్టరు పట్నానికి తంతి కొట్టిస్తానన్నాడు. తాండూరుక్కూడా కొట్టిస్తానన్నప్పుడు వద్దని చెప్పబోయి నోరు రాక ఊరుకున్నాను. తరువాతి బండి పదకొండు దాటాక. అంతసేపూ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పందెం పోతుందని కాదు. ఆయన ఎప్పుడూ ఒంటరిగా ఉండలేదు, గుండీ ఊడితే పెట్టుకోలేడు. నా వేళ్ళకు ఇంకా పచ్చసిరా ఉంది.

పట్నం బండెక్కాను. శంకరపల్లిలో మా బండిని నిలిపేశారు, ఎదుటి బండికి దారివ్వాలట. ఆ బండి వచ్చి పక్క పట్టాల మీద ఆగింది. తలెత్తి చూస్తే సరిగ్గా ఎదురుగా కిటికీలో చిన్నమామ! ఒళ్ళో మూట, మెడ దాకా పెట్టిన గుండీలు, తాండూరులో ఎలా కూర్చోబెట్టారో అలాగే. పట్నం దాకా వెళ్ళి, అక్కడా దిగకుండా, అదే బండిలో తిరిగొస్తున్నాడన్నమాట. "చిన్నమామా!" అని అరిచాను. నన్ను చూశాడు. ముఖం వెలిగిపోయింది. మూట చంకన పెట్టుకుని లేచాడు, తలుపు దగ్గరకు నడిచాడు, హాయిగా దిగిపోయాడు. సరిగ్గా అప్పుడే నా బండి కదిలింది.

ఇక నేనేం చేశానో మా స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. ఎగిరి గొలుసు లాగాను. బండి కుదుపుతో ఆగింది, పై బల్ల మీద పడుకున్న పెద్దమనిషి నన్ను తిట్టాడు, గార్డు జెండా చేతబట్టుకుని వచ్చి ఇంకా పద్ధతిగా తిట్టాడు. "చదువుకున్నట్టున్నవు గదమ్మా! ఏమైంది?" అని ఆయనడిగితే ఏడుపు మధ్య వేలు చూపించాను. ఆయన చూసి, "అరె, తాండూరు చిన్నసేటు! జల్దీ దిగు తల్లీ, దిగు," అని చెయ్యి పట్టుకుని దింపాడు.

అంతా బాగానే ఉంది, కానీ చిన్నమామ తను దిగిన బండి మళ్ళీ ఎక్కనంటాడు. "దిగిన గద! మళ్ళ ఎక్కుడెందుకు?" అన్నాడు. "ఇది వికారాబాద్ గాదు మామా!" అన్నాను. "వికారాబాద్ల దిగుమని నువ్వు చెప్పలే. నువ్వు కనబడినంక దిగుమన్నవ్," అన్నాడు. నిజమే. నేను ఊరి పేరు చెప్పనే లేదు. రెండు బండ్ల జనం కిటికీల్లోంచి చూస్తుండగా టీచరమ్మ కొత్త పాఠం చెప్పాల్సి వచ్చింది. ఈసారి వేలు ఊపకుండా చెప్పాను. "మామా, ఇద్దరం కలిసి ఎక్కుదాం. కలిసి దిగుదాం." దానికి వెంటనే ఎక్కాడు.

వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద మీసాలతో సహా పెద్దమామ నిలబడి ఉన్నాడు. తంతి అందగానే లారీ పట్టుకుని వచ్చాడట. నన్ను చూస్తూనే, "చెప్పిన్నా లేదా? వానికి ఏం చెప్పినా తలకెక్కదని! ఇగ పట్నమే," అన్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా నోట మొదట వచ్చింది అబద్ధమే. "బండి జర ముందుగాల వచ్చింది మామా," అన్నాను. "ముందుగాల రాలే," అన్నాడు చిన్నమామ పక్కనుంచి. "టైముకే వచ్చింది. బిడ్డ రాలే. నేను దిగలే. బిడ్డ కనబడ్డది. దిగిన."

ఇక దాచడానికేముంది? చార్టు సంగతి, ఆకుల సంగతి అంతా చెప్పేశాను. "తప్పు నాది పెద్దమామా. ఆయన నేను చెప్పింది చెప్పినట్టు చేసిండు. చెప్పుడే నాకు రాలే. కొట్టాలంటే నన్ను కొట్టు, ఆయన్ని మాత్రం పంపకు," అన్నాను. పెద్దమామ ఏదో అనబోతుండగా, మేం దిగిన బండి గార్డు దగ్గరకొచ్చి, "సేటూ, పట్నంల బండి డబ్బాలు ఊడ్సెటోళ్ళు దిగుమన్నరు, నేను దిగుమన్న. చాయ్ ఇస్తే తాగిండు గని దిగలే. బిడ్డ రావాలె అన్నడు. ఇరవయ్యేండ్ల నౌకరీల మాట మీద గిట్ల కూసున్నోన్ని సూడలే," అని ఈల ఊది వెళ్ళిపోయాడు.

చిన్నమామ మూట విప్పి నా చేతిలో పెట్టాడు. అమ్మమ్మ పంపిన జొన్నరొట్టెలు, పల్లిపొడి. పొద్దున్నుంచీ ఒళ్ళోనే ఉన్నాయి. "బిడ్డకియ్యిమన్నది," అన్నాడు. పెద్దమామ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. నా చేతిలోని రొట్టె తుంచి తమ్ముడి నోటికి అందించాడు. ఆపై, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తమ్ముణ్ణి ఒక ప్రశ్న అడిగాడు. "నువ్వు యాడుంటవ్ రా?"

చిన్నమామ నమలడం ఆపి ఆలోచించాడు. "దుకాన్ల ఉంట. పప్పు నేనే ఏరాలె," అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఐతారం బిడ్డ తానికి వస్త," అన్నాడు. అంతే. నా నలభై పేజీలూ పెద్దమామ తాళంచెవీ తేల్చలేనిది, ఆయన రెండు మాటల్లో తేల్చేశాడు.

అలాగే జరిగింది. మరుసటేడు అమ్మమ్మ పోయింది, "నా తర్వాత" అన్న మాట ఎత్తకుండా నిమ్మళంగా పోయింది. స్నానానికి నీళ్ళు పెద్దమామే తోడేవాడు, ఆయనకు చేతకాని రోజుల్లో ఆయన కోడలు తోడింది. ఉరుములొస్తే ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చునేవారు. ఆదివారాలు నావి. నాకు పెళ్ళి సంబంధాలొచ్చినప్పుడు మొదట చెప్పిన షరతు ఆ ఆదివారమే. ఒప్పుకున్న ఒక్కణ్ణే చేసుకున్నాను. మధ్యలో పెద్ద పదవితో బదిలీ వస్తే తాండూరు లైను వదలనని రాసిచ్చాను. నేను చిన్నమామను మార్చలేదు. గుండీలు మాత్రం నలభై ఏళ్ళు దాటాక పెట్టుకోవడం నేర్చుకున్నాడు, అదీ నా పాఠంతో కాదు, పెద్దమామ మనవడి గుండీలు పెడుతూ పెడుతూ.

ఇప్పుడు అప్పుడప్పుడు ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఒక మనిషిని నెలలో బాగుచేసేస్తానని కొంగు బిగించుకున్న పిల్ల. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. పోన్లే, ఆ పొగరు లేకపోతే ఆ రోజు లేచి నిలబడేదే కాదు కదా అని సర్దిచెప్పుకుంటాను. అంత చదువు చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, ఒక్క మనిషికి నేను నిజంగా చేసిన సాయం ఏమిటంటే, ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం బండి వేళకు ముందే వెళ్ళి, ఆయనకు కనబడేలా ప్లాట్‌ఫారం మీద నిలబడటం.