ఆదివారం వ్యాను

పోయిన గురువారం పప్పులోకి పోపు వేస్తుండగా ఫోన్ మోగింది. అవతల ఒక అమ్మాయి, గొంతును బట్టి మా చిన్నదాని ఈడుది, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. వరంగల్ హైవేకి దగ్గర్లో ప్లాట్లు, ఈ ఆదివారం సైట్ విజిట్ ఉచితం, కారు మా ఇంటికే వస్తుంది, మళ్లీ ఇంటి దగ్గరే దింపుతుంది, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. ఇలాంటి ఫోన్లు రోజుకు నాలుగొస్తాయి, రెండో మాటకే పెట్టేస్తాను. ఆ రోజు మాత్రం భోజనం అనేసరికి చెయ్యి ఆగింది. "భోజనంలో ఏం పెడతారమ్మా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఆ పిల్లని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. కనుక్కుని శనివారం మళ్లీ చేస్తానంది. ఈలోగా పోపు మాడింది. హాల్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన మాడు వాసనకి తలెత్తి ఎవరని అడిగాడు. "వ్యాను వాళ్లు" అన్నాను. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అంతకంటే వివరం చెప్పక్కర్లేకపోయింది.

తొంభైల మధ్యలో మేమిద్దరం యూనివర్సిటీలో ఒకే డిపార్ట్‌మెంట్‌లో పరిశోధన చేస్తూ, తార్నాకలో మేడమీద రేకుల గదిలో కాపురం పెట్టాం. ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన పాపానికి ఆయనకి 'గారు' తగిలించడం నాకిప్పటికీ నోరు తిరగదు, క్షమించాలి. మా నాన్న తెనాలి దగ్గర చర్చి స్కూల్లో మేష్టారు. మా ఆయన వాళ్లది జనగామ అవతల వ్యవసాయం. పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది కాబట్టి రెండు వైపుల పెద్దలూ తిట్టనూ లేదు, పలకరించనూ లేదు. ఉన్న ఆధారమల్లా ఇద్దరి స్కాలర్‌షిప్‌లు. అవి నెలల తరబడి రావడం లేదు. వారానికోసారి ఆఫీసుకు వెళ్లి అడిగితే గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూసి "బిల్లు పైకి పోయింది" అనేవాడు. ఆ భవనానికి రెండే అంతస్తులు, మేం రెండూ తిరిగాం. మెస్సులో అప్పు, కిరాణాలో అప్పు. ఇద్దరి వయసూ ఇరవై ఆరు దాటింది, చేతిలో ఉద్యోగం లేదు, కాలు ఒకచోట నిలవదు. పగలు లైబ్రరీలో కూర్చుంటే గదికి పోదామనిపించేది, గదికొస్తే మళ్లీ క్యాంపస్‌కి పోదామనిపించేది.

ఇద్దరికీ నిలకడ లేకపోయినా కారణాలు వేరు. నాది భయం. నాకు పదిహేనేళ్లప్పుడు నాన్న రిటైరయ్యాడు. పుట్టినప్పటినుంచి మాదే అనుకున్న మిషన్ క్వార్టరు నెల తిరక్కుండా ఖాళీ చేయమన్నారు. అమ్మ పెంచిన జామచెట్టుతో సహా కొత్త మేష్టారికి అప్పజెప్పి, సామాను ఎడ్లబండి మీద వేసుకుని మేం అద్దె ఇల్లు వెతుక్కున్నాం. అమ్మ ఏడవలేదు గానీ, బండి కదిలేముందు వెనక్కి వెళ్లి చెట్టుకి ఒక బిందె నీళ్లు పోసి వచ్చింది. కాలు పెట్టుకోవడానికి నాదంటూ ఇంత నేల ఉండాలన్న తపన నాకు ఆరోజే పట్టుకుంది. మా ఆయన ఊరు రైలు పట్టాల పక్కనే, కానీ అక్కడ రైళ్లు ఆగవు. చిన్నప్పుడంతా గేదెలు కాసుకుంటూ, ఆగకుండా పోయే రైళ్లను చూసిన మనిషి. ఆయనకున్న ఒకే ఆస్తి రైల్వే టైంటేబుల్. దాన్ని నవల చదివినట్టు చదివేవాడు. రెండు నెలలు చెల్లే చుట్టుతిరుగుడు టికెట్ ఒకటి ఉండేది ఆ రోజుల్లో. దాంతో సికింద్రాబాదులో ఎక్కి, కాశీ చూసి, ఈశాన్యంలో పట్టాలు ఎక్కడ ఆగిపోతాయో అక్కడిదాకా పోయి, సముద్రం పక్కనుంచి తిరిగి రావాలని పెన్సిలుతో దారి గీసుకున్నాడు. కింద వాటాలో ఉండే పిన్నిగారు, కాకినాడ వైపు వాళ్లు, అది విని "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి బాబూ" అంటే, "అందుకే అండి, కరగకముందే పోయి చూసొద్దమంటున్న" అన్నాడు.

వ్యాను సంగతి చెప్పాలి. అప్పట్లో ఉప్పల్ అవతల పొలాలన్నీ రాళ్లు పాతి ప్లాట్లుగా అమ్మేవాళ్లు. ఆదివారం పొద్దున్నే తార్నాక చౌరస్తాలో ఒక వ్యాను ఆగేది. ప్లాటు కొనాలనుకున్నవాళ్లను ఉచితంగా తీసుకెళ్లి, చూపించి, అన్నం పెట్టి, సాయంత్రానికి తిరిగి దింపేవాళ్లు. ఒక్క షరతు, జంటగా రావాలి. మగాడొక్కడే వస్తే ఇంట్లో అడిగి చెప్తానంటాడు, ఆడమనిషి ఒక్కతే వస్తే ఆయన్ని అడగాలంటుంది. ఆ వ్యానుకు ఒక మేనేజరు ఉండేవాడు, లాలాపేట్ మనిషి, ఎండాకాలంలో కూడా సఫారీ సూటు విప్పడు, అందర్నీ అన్నా అక్కా అనేవాడు. మొదటిసారి నేనే మా ఆయన్ని బలవంతంగా లాక్కెళ్లాను. రెండో ఆదివారం ఆయనే ముందు తయారయ్యాడు.

ఎందుకంటే నాకది ప్లాటు చూడటం, ఆయనకది షికారు. ఘట్‌కేసర్ దాటేసరికి గాలి మారేది. సున్నం పూసిన రాళ్లు, తాడుకు కట్టిన రంగు కాగితాలు, నాలుగు గుంజల మీద షామియానా. మేనేజరు ముళ్లకంపల్ని చూపించి ఇక్కడ పార్కొస్తది, గాడ బడి వస్తది అంటుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని, మా ఆయన గుట్టలెక్కేవాడు. ఎండాకాలం తాటి ముంజలు, వానలు వెలిశాక సీతాఫలాలు. వ్యానులో వచ్చిన పిల్లలందరూ ఆయన వెంటే. మధ్యాహ్నం బగారా అన్నం, కోడికూర, పెరుగు పచ్చడి, చివర్లో ఒక చెంచా డబల్ కా మీఠా. మా మెస్సుకు ఆదివారం రాత్రి సెలవు, కాబట్టి మేం ఆ ఒక్క పూటే రెండు పూటలది తినేవాళ్లం. నలుగురిలో మర్యాదకని నేను వ్యాను ఎక్కగానే 'ఏమండీ' మొదలుపెట్టేదాన్ని, ఆయన నవ్వాపుకోలేక కిటికీలోంచి చూసేవాడు. వెనక్కొస్తూ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేవాడు. దాదాపు ఏడాది అలా తిరిగాం. మేం కొనేవాళ్లం కాదని మేనేజరుకు మూడో వారానికే అర్థమైపోయి ఉండాలి. అయినా చోటిచ్చేవాడు, మా సరదా చూస్తే కొత్తవాళ్లకు హుషారు వస్తుందని కాబోలు.

అంతలో పైకి పోయిన బిల్లు కిందికి దిగింది. పద్నాలుగు నెలలది ఒకేసారి. అప్పులు తీరగా మిగిలిన దాంతో, మిగతాది వాయిదాల మీద, ప్లాటుకు బయానా అయినా కట్టొచ్చు, రైలు ప్రయాణమైనా చేయొచ్చు, రెండూ కావు. ఆయన స్కాలర్‌షిప్ గడువు ఇక ఎనిమిది నెలలే. మూడు వారాలు వాదించుకున్నాం. అన్నం దగ్గర, క్యాంపస్ దారిలో, ఆఖరికి లైబ్రరీలో చీటీల మీద రాసుకుని. ఉద్యోగాలొచ్చాక తిరగొచ్చు కదా అంటాను నేను. "ఉద్యోగమొస్తే సెలవుండదు, సెలవుంటే పిల్లలుంటరు. గిప్పుడు కాకపోతే ఇంకెప్పుడు కాదు, నాకు తెలుసు" అన్నాడు. ఆ మనిషి నన్ను ఏదైనా అంత గట్టిగా అడగడం అదే మొదలు. సరే అన్నాను. మాటిచ్చాను. శనివారం బ్యాంకునుంచి డబ్బు తెచ్చాడు, సోమవారం పొద్దున్నే స్టేషన్‌కెళ్లి టికెట్లు తీసుకోవాలని. మా గది తాళం పిన్నీసుకే ఊడొచ్చే రకం, అందుకని ఆదివారం వ్యాను ఎక్కేటప్పుడు డబ్బు నా హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నాను.

ఆ రోజు మేనేజరు ఒక మూల ప్లాటు చూపించాడు. తూర్పు ముఖం, రెండు వైపులా రోడ్డు. వచ్చే వారంనుంచి రేటు పెరుగుతుందన్నాడు. అలా ప్రతివారం అనేవాడు, నాకు తెలుసు. కానీ మా వయసు జంటే ఒకటి, చంకలో పిల్లాడితో, అదే ముక్క చుట్టూ తిరుగుతోంది. ఆ అమ్మాయి కొంగుతో హద్దురాయి మీద దుమ్ము దులిపి దాని మీద కూర్చుంది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది, నా రాయి మీద ఎవరో కూర్చున్నట్టు. ఎవరూ నన్ను మాయ చేయలేదు, మత్తు పెట్టలేదు. బ్యాగు తెరిచి డబ్బు బల్ల మీద పెట్టాను. ఆ మేనేజరే వెనక్కి తగ్గి, "సార్‌ను అడగరా అక్కా?" అన్నాడు.

"అడిగాను" అన్నాను.

మా ఆయన చొక్కా ఒడిలో సీతాఫలాలు నింపుకుని గుట్ట దిగి వచ్చేసరికి రసీదు నా చేతిలో ఉంది. ఇచ్చాను. కాయలు కింద పెట్టి, పైనుంచి కిందిదాకా చదివి, మడత మీదే మళ్లీ మడిచి నాకిచ్చాడు. కేకలేస్తాడనుకుని దానికి సమాధానాలన్నీ సిద్ధం చేసుకున్నాను.

"పిలిస్తే వస్తుంటి గద. గా గుట్ట మీదనే ఉన్న" అన్నాడు.

ఆయన పళ్లన్నీ పిల్లలకు పంచేసి, తిరుగు ప్రయాణంలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను నా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందులో నా నేల ఉంది. సిగ్గుతో పాటు సంతోషం కూడా వేసిందని ఒప్పుకోవాలి. ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత ఒళ్లెరక్కుండా నిద్రపోయాను.

వారమంతా ఆయన పొడిపొడిగా మాట్లాడాడు. ఆదివారం మన ప్లాటుకు పోదాం, కరివేపాకు మొక్క నాటుదాం అంటే సరేనన్నాడు. పిన్నిగారిచ్చిన మొక్కను డాల్డా డబ్బాలో పెట్టుకుని, ఇద్దరం శుభ్రంగా తయారై తార్నాక చౌరస్తాలో నిలబడ్డాం. వ్యాను వచ్చింది. నేను అలవాటుగా ఎక్కబోతే మేనేజరు తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు. అతనికి పాపం నా మొహంలోకి చూడబుద్ధి కాలేదు, మొక్కను చూస్తూ చెప్పాడు.

"కొన్నోళ్లకు సీటుండదక్కా. కొనేటోళ్లకే."

మా సీట్లలో హద్దురాయి మీద కూర్చున్న అమ్మాయి, వాళ్లాయన, పిల్లాడు. వాళ్లింకా ప్లాట్లు చూస్తున్నారు. వ్యాను వెళ్లిపోయింది. డబ్బా పట్టుకుని అంత రోడ్డు మీద నిలబడిపోయాను. వారం తర్వాత మా ఆయన మొదటిసారి నవ్వాడు. ఈ రూలు ఆయనకు ముందునుంచీ తెలుసట, ఎప్పుడో డ్రైవరు చెప్పాడట. మరి తెలిసీ ఎందుకొచ్చావంటే, "నువ్వు తయారైనవ్ గద" అన్నాడు. ఏడుపొచ్చింది. ప్లాటు కొని నేను రైలు ప్రయాణం ఒక్కటే తీసేశాననుకున్నాను. దాంతోపాటు ఆదివారాలు కూడా తీసేశానని ఆ చౌరస్తాలో తెలిసింది. చేసేదిలేక క్యాంపస్‌కి నడిచివెళ్లి, మూసి ఉన్న లైబ్రరీ మెట్ల మీద మొక్కను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఇద్దరికీ ఆకలేసింది.

తర్వాత రెండుసార్లు బస్సులు మారి, ఎండలో నడిచి మా ప్లాటు చూసుకోవడానికి వెళ్లాం. సొంత ప్లాటులో ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. చుట్టూ ఒకసారి నడిచి వచ్చేశాం. కరివేపాకు పిన్నిగారి పెరట్లోనే పెరిగింది. టైంటేబుల్ కొన్నాళ్లు కిరోసిన్ స్టవ్ కింద ఎత్తు కోసం పనికొచ్చింది. తర్వాత అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. ఉద్యోగమొచ్చింది, సెలవు రాలేదు, సెలవొచ్చేసరికి పిల్లలు. ప్లాటు అలాగే ఉంది. దాని ధర చెబితే పిల్లలు ఈల వేసి, అమ్మకెంత ముందుచూపో అంటారు. నా భయానికి ఆ పేరు పెట్టింది వాళ్లే, నేను కాదనలేదు. ఈమధ్య ఏసీ బోగీల్లో దూరప్రయాణాలు బాగానే చేస్తున్నాం. ఆయన కిటికీ సీటు నాకిచ్చి, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఫలానా స్టేషనొచ్చింది లే అని నేనే లేపుతాను. చూసి, మంచిగుంది అని మళ్లీ పడుకుంటాడు.

శనివారం ఆ అమ్మాయి మాట తప్పకుండా ఫోన్ చేసింది. వెజ్ బిర్యానీ, చికెన్ బిర్యానీ రెండూ ఉంటాయట, డబల్ కా మీఠా సంగతి తెలియదట. ఎంతమంది వస్తారని అడిగింది. ఇద్దరమన్నాను. పేర్లు రాసుకుని, చివర్లో, అందరినీ అడిగే మాటే కాబోలు, "మీకు అటువైపు ఇంతకుముందే ప్లాట్ ఏమైనా ఉందా మేడమ్?" అంది. పేపరు వెనకనుంచి మా ఆయన నా వైపు చూస్తున్నాడు.

"లేదమ్మా, ఇంకా చూస్తున్నాం" అన్నాను.

ఆయన పేపరు మడిచి, సీతాఫలాల కాలమేనా ఇది అని లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్లాడు. రాళ్లు పాతి హద్దులు పెట్టుకున్న నేల ఎక్కడికీ పోలేదు. హద్దులే లేవనుకున్న ఆ ఆదివారాలే, లెక్కపెడితే, ఒక ఏడాదికి కూడా తక్కువ.