గోడవతలి నిషాదం

మా బాపు మైసన్నకు నీలాంబరి రాగంలో ఆ ఒక్క నిషాద స్వరం రాదని ఎల్లారెడ్డిలో అందరూ అనేవారు. అనేవాళ్ల నోటికి తాళం ఎవరు వేస్తారు? సన్నాయి ఏదో, సారంగి ఏదో తెలియని మహానుభావులు కూడా "అంతా మంచిగనే కొడతడు గాని గా ఒక్క తావుల తప్పుతడు" అని తలలూపుతుంటే నాకు ఒళ్లు మండేది. రాక కాదు. ఎందుకు తప్పేవాడో నాకు తెలుసు.

మేము బైండ్లవాళ్లం. ఎల్లమ్మ కథ చెప్పడం, జమిడిక కొట్టడం మా కులవృత్తి. జమిడిక చంకలో ఇమిడే చిన్న వాయిద్యం. ఒకవైపు తోలు, రెండోవైపు ఖాళీ. తోలు నడుమ నుంచి వచ్చే నరాన్ని ఒక చేత్తో బిగిస్తూ, వదులుతూ, రెండో చేతిలోని పుల్లతో మీటాలి. అది మోగితే ఆడవాళ్లకు శిగం వస్తుంది. ఒంటి మీదికి దేవత వస్తుంది. దినాలనాడు చచ్చినవాళ్లు కూడా వస్తారని మా పెద్దలు చెప్పేవారు. పిలవడమే దాని పని. జోలపాట కోసం దాన్ని ఎవరూ చెయ్యలేదు.

మా వాడకు ఆనుకునే మంగలి హనుమాండ్లు ఇల్లు. నడుమ నిలువెత్తు మట్టిగోడ. ఆయన గుడిలో సన్నాయి ఊదేవాడు. ఒకసారి కామారెడ్డిలో సావుకారి ఇంటి పెండ్లికి దక్షిణాది నుంచి మేళం వస్తే, ఆ మేళగాని కాళ్లావేళ్లా పడి నీలాంబరి రాగం నేర్చుకొచ్చాడు. దేవుణ్ని నిద్రపుచ్చే పవ్వళింపు సేవలో అదే ఊదేవాడు. సేవకు పోయేముందు, పొద్దుగూకేటప్పుడు, ఇంట్లో మంచం మీద కూచుని సాధన చేసేవాడు.

గోడకు ఇవతల మా బాపు వింటూ కూచునేవాడు. ఒకనాడు ఉండబట్టలేక జమిడిక తీసి, విన్నది విన్నట్టు మీటాడు. నరం జారుతుంది కదా, సన్నాయిలోని జారుడంతా అందులో పలికింది. స్వరాలు దిగేచోట మాత్రం నిషాదం వంగలేదు. గోడవతల నుంచి "చ్చ్" అని నాలుక చప్పరించిన చప్పుడు. ఆ తర్వాత సన్నాయి అదే ముక్కను మెల్లగా మళ్లీ ఊదింది. గురువు నేర్పుతానని అనలేదు, శిష్యుడు నేర్చుకుంటానని అనలేదు. తప్పినప్పుడల్లా చ్చ్. ఏండ్ల తరబడి అదే చదువు. మా బాపు ఆ గోడ దాటి లోపలికి పోయే కులం కాదు. గురువంటే ఆయనకు ఒక చప్పుడు, అంతే.

నిజాంసాగర్ కట్ట పూర్తయిన తర్వాత, ఒక చలికాలం హనుమాండ్లు మంచం పట్టాడు. పోయేముందు భార్య మంగవ్వను పిలిచి, "నన్ను నీలాంబరి తోని పంపుండ్రి. సన్నాయి కాదంటరు. మైసన్న ఉన్నడు గద" అన్నాడట. ఆయన చెప్పినట్టే అయింది. సన్నాయి మంగళవాద్యం, పీనుగు ముందు ఊదితే రేపు పెండ్లిండ్లకు ఎవరు పిలుస్తారు అని ఆయన కులపోళ్లే ఊదేది లేదన్నారు. నలభై ఏండ్లు ఊరి పెండ్లిండ్లన్నీ చేసిన మనిషికి దక్కిన మర్యాద అదీ.

మధ్యాహ్నం ఎండలో పాడె ముందు నడుస్తూ మా బాపు నీలాంబరి ఎత్తుకున్నాడు. ఏడుస్తూనే మీటాడు, నిషాదం వంగలేదు.

"చ్చ్."

పాడె మీద నుంచే వచ్చింది. ముందు భుజం పట్టిన వెంకటి టక్కున ఆగి, "ఎవలురా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. వెదురు కిర్రుమందని ఒకాయన సర్దిచెప్పాడు. మా బాపు చేతిలో పుల్ల జారి దుమ్ములో పడింది. డప్పులు అందుకున్నాయి. రాగం అక్కడే తెగింది.

దినాలు అయ్యాయి. ఒక సాయంత్రం గోడవతల నుంచి మంగవ్వ గొంతు వినిపించింది.

"మైసన్నా, ఆయనకు నిద్ర పడుతలేదు. మంచం కిర్రుమంటది. చిలుక్కొయ్యకున్న సన్నాయి పీక పొద్దున చూస్తే తడిగుంటది. ఊదేముందు నోట్లె పెట్టి తడిపెటోడు సూడు, గట్లనే. నువ్వు సగంల ఆపినవు, సగంలనే తిరుగుతుండు. సక్కగ కొట్టి పంపు, నీకు పుణ్యముంటది."

"కొడత అవ్వా" అన్నాడు బాపు. కొట్టాడు. నిషాదం తప్పింది. చ్చ్. మర్నాడూ తప్పింది. ఆ మర్నాడూ అంతే. మంగవ్వ బతిమాలుతూనే ఉంది, బాపు "వస్తలేదవ్వా" అంటూనే ఉన్నాడు. అట్లా ఆ ఏడు గడిచిపోయింది.

నాకు పెండ్లయి అప్పటికే అత్తగారింటికి పిట్లం పోయాను. తొలికాన్పుకు వచ్చినప్పుడు ఆ చ్చ్ నా చెవులారా విన్నాను. గోడవతల మంచం ఖాళీగా ఉందని తెలుసు. అయినా ఎవరో అంగుళం దూరంలో చెవి పెట్టి వింటున్నట్టుగా నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. బాపు ముఖం చూస్తే మాత్రం భయం లేదు. నవ్వుతున్నాడు.

మరునాడు మధ్యాహ్నం సద్ది తీసుకుని జొన్నచేనుకు పోయాను. మంచె మీద బాపు ఒక్కడే జమిడిక వాయిస్తున్నాడు. నిషాదం దగ్గరికి వచ్చేసరికి నరం మెల్లగా వదిలాడు. చంటిపిల్ల తల తల్లి భుజం మీద వాలినట్టు ఆ స్వరం వాలింది. తప్పు లేదు. సద్ది కింద పెట్టి అరిచాను.

"నీకు వస్తది బాపూ! వచ్చి కూడా కొడతలెవ్వు. గా ముసలామె కంటి మీద కునుకు లేక పుల్లయింది. చచ్చిన మనిషిని గిట్ల కట్టేసుడేంది? నీది మనిషి జన్మేనా?"

బాపు జమిడికను ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఊరందరికి నేను బైండ్లోన్ని బిడ్డా. ఎల్లమ్మ కావాలంటె పిలుస్తరు, పని అయినంక పొమ్మంటరు. నా చేతుల తప్పున్నదని, గది దిద్దాలని అనుకున్న మనిషి గాయనొక్కడే. సక్కగ కొడితే పోతడు. పోయినంక నన్ను ఇనెటోడు ఎవడు?"

అయినా ఆయనతో మాట్లాడటం మానేశాను. కోపం అట్లాంటిది నాకు.

బాలెంతగా నేనింకా అక్కడుండగానే మంగవ్వ మంచాన పడింది. ఒకనాడు పొద్దుగూకేముందు గోడ పట్టుకుని నడిచి మా వాకిలి ముందుకొచ్చి నిలబడింది.

"లోపలికి రా మైసన్నా. గోడవతల నుంచి కాదు. ఆయన మంచం ముందట కూసొని కొట్టు."

వాడంతా నోళ్లు తెరిచింది. మంగలోళ్ల వాకిట్లకు బైండ్లోడా అని ఎవరో గొణిగితే మంగవ్వ గిర్రున తిరిగింది.

"నా ఇంట్ల చచ్చినోడు తిరుగంగ లేని మైల మైసన్నతోని అంటుతదా? నోరు ముయ్యుండ్రి!"

మా బాపు జీవితంలో మొదటిసారి ఆ గోడ దాటాడు. నేను పిల్లను చంకనేసుకుని గడప బయట నిలబడ్డాను. అర్రలో మంచం ఖాళీగా ఉంది. కాని నులక నడిమికి దిగి ఉంది, మనిషి కూచున్నప్పుడు దిగేటంత. బాపు కూడా అది చూశాడు. చేతులెత్తి దండం పెట్టాడు. "అన్నా" అన్నాడు. జమిడిక తీసుకుని మంచం ముందు కూచున్నాడు.

నీలాంబరి మొదలైంది. నిషాదం దగ్గర చెయ్యి ఆగింది. బాపు కండ్ల నీళ్లు తోలు మీద పడుతున్నాయి. నా కోపమంతా ఎటు పోయిందో, 'వద్దు బాపూ, తప్పు కొట్టు' అని అరవాలనిపించింది. ఆయన నరం వదిలాడు. స్వరం వాలింది. ఏ చప్పుడూ రాలేదు. రాగం చివరిదాకా వాయించాడు. దిగి ఉన్న నులక మెల్లమెల్లగా లేచి చదునైంది.

మర్నాడు మంగవ్వ ఎండ పైకెక్కేదాకా నిద్రపోయింది. సన్నాయి పీక పొడిగా ఉందట. బాపు మాత్రం "పొయ్యిండు" అని ఒక్క మాట అని జమిడికను కొయ్యకు తగిలించాడు. తర్వాత కడుపు కోసం ఎల్లమ్మ కథలు చెప్పాడు గాని నీలాంబరి జోలికి పోలేదు. పొద్దుగూకితే గోడకు ఆనుకుని ఊరికే కూచునేవాడు. పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేవాడు.

యుద్ధం వచ్చి దీపాలకు గ్యాసునూనె దొరకని రోజుల్లో బాపు పోయాడు. కొడుకులు లేరు. ఆడది జమిడిక పట్టుడేంది అని కులపెద్దలు అడ్డం వచ్చారు. ఎవడు ఆపుతాడో చూస్తానని కొయ్య మీది జమిడిక తీసి పాడె ముందు నడిచాను. విన్నదే గాని నేనెన్నడూ మీటలేదు. కిందామీదా పడి నీలాంబరి పట్టాను. నిషాదం వంగలేదు.

వెనక, పాడె మీద నుంచి, మెల్లగా "చ్చ్."

భయమా? పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. వాయించడం అక్కడే ఆపాను.

ఆ జమిడికను పిట్లం తెచ్చుకున్నాను. పొద్దున లేచి చూస్తే దాని పుల్ల ఇప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు వెచ్చగా ఉంటుంది. బాపుకు నిద్ర పట్టడం లేదని నాకు తెలుసు. చేనులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ నిషాదం నాకు చక్కగా వంగుతుందనీ తెలుసు. సాయంత్రం పూట ఇంటి గోడకు ఆనుకుని వాయిస్తుంటే మా ఇంటాయన విసుక్కుంటాడు. "ఇన్నేండ్ల సంది కొడుతున్నవు, గా ఒక్కటి సక్కగ కొట్టరాదా?"

రాదంటాను. రేపు సక్కగ కొడత బాపూ అని రోజూ చెప్తాను, రోజూ తప్పే కొడతాను.