ఓటుందా అని అడగని తెలివి

మొన్న శుక్రవారం ఉదయం కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి, మా ఆవిడ రెండుసార్లు పిలిచినా పలక్కుండా, ఫోన్‌లో ఇంగ్లండులోని ఒక జిల్లా కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు చూస్తూ ఉండిపోయానంటే నా వయసు వాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. ఆ జిల్లాను మ్యాపులో చూపించమంటే ఈ రోజుకీ చూపించలేను. ఆ కౌన్సిల్ చేసే పని కూడా చెత్తబళ్ళు పంపడం, పార్కుల్లో గడ్డి కోయించడం, ఎవరైనా ఇంటి వెనక ఒక గది కట్టుకుంటామంటే సరేననో కాదనో చెప్పడం, అంతే. అయినా ఫోను చేతిలోంచి దించలేదంటే, అక్కడి ఒక వార్డులో మా చెల్లెలి కూతురు నిలబడింది మరి. పగలంతా మందుల షాపులో పనిచేసి, సాయంత్రాలు వానలో గొడుగేసుకుని గడపగడపకీ తిరిగిన పిల్ల.

ఓడిపోయింది. ఎనిమిది ఓట్ల తేడా.

లెక్కింపు జరిగిన హాల్లోంచే నాకు ఫోన్ చేసింది. ఎదుటివాడు చెప్పిన మొదటి మాటకు తలూపడం మా వంశంలో లేదు కనుక, మళ్ళీ లెక్కపెట్టమని అడగమన్నాను. అడిగింది. వాళ్ళు పాపం ఓపికగా కట్టలన్నీ విప్పి మళ్ళీ లెక్కపెట్టారు. తేడా తొమ్మిది అయింది.

"మావయ్యా, ఇంకోసారి అడిగితే పది చేసిస్తారు. ఇంక వద్దులే" అంది.

అక్కడితో ఆగితే నేను ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు. హాలు బయట మా పిల్లకు ఒక తెలుగమ్మాయి ఎదురైందట, అక్కడి కాలేజీలో చదువుకుంటున్న విద్యార్థిని. "అక్కా, మా వీధికి మీరు రానేలేదేంటి? ఆ పెద్దాయన రెండుసార్లు వచ్చి అడిగాడు. మా ఇంట్లో ఐదుగురం ఆయనకే వేశాం" అని ఎంతో మామూలుగా చెప్పి వెళ్ళిపోయిందట. ఆయన అంటే గెలిచినాయన. ఆ ఐదు ఓట్లూ అటు తగ్గి ఇటు పెరిగి ఉంటే మా పిల్ల ఒక్క ఓటుతో బయటపడేది. ఆ వీధికి వెళ్ళొద్దని చెప్పిన మహానుభావుణ్ణి నేనే.

ఎందుకు చెప్పానో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మాది తెనాలిలో బట్టల కొట్టు. మా నాన్న, పెదనాన్న, ఎదురు కొట్లో మా మేనమామ, అందరూ వ్యాపారస్థులే కావడంతో నాకు ఎక్కాలకన్నా ముందు బేరం వచ్చింది. బట్టల తాను విప్పించుకుని చూసేవాళ్ళలో కొనేదెవరో, కాలక్షేపానికి వచ్చిందెవరో కనిపెట్టడానికి నాన్నకొక పద్ధతి ఉండేది. మనిషి మొహం చూడొద్దు, కాళ్ళు చూడమనేవాడు. చేతులు బట్ట మీదే ఉన్నా పాదాలు మెట్ల వైపు తిరిగాయంటే ఆ బేరం లేనట్టే, గుడ్డ మడత పెట్టెయ్యమనేవాడు. ఆ ఒక్క విద్యతో ప్రపంచమంతా నెగ్గుకు రావచ్చని నాకు గట్టి నమ్మకం. కెనడా వచ్చిన కొత్తలో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రాత్రింబవళ్ళు షిఫ్టులు చేసి, తర్వాత చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నప్పుడు కూడా ఆ నమ్మకమే నడిపించింది.

పౌరసత్వం వచ్చిన ఏడాదే మా ఊరి నగర కౌన్సిల్‌కు ఎన్నికలు పడ్డాయి. మా వార్డులో బస్సు సరిగ్గా రాదని, మంచులో కాలిబాటలు శుభ్రం చెయ్యరని కొట్లో కూర్చుని రోజూ సణిగేవాణ్ణి. అంత బాధ ఉంటే మీరే నిలబడొచ్చుగా అని మా ఆవిడ విసుక్కుంది. ఆవిడ ఎత్తిపొడిచింది, నేను దాన్ని ప్రోత్సాహమనుకున్నాను. నామినేషన్ వేసేశాను.

ఇక చూడండి నా తెలివి. తెలియని ఇళ్ళ తలుపులు తట్టడానికి మొహమాటం వేసి, నాకు బాగా తెలిసిన జనం దగ్గరికే వెళ్ళాను. కందిపప్పుకీ గోంగూర పచ్చడికీ మా కొట్టుకు వచ్చే మన విద్యార్థులు, ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేసిమంది. తలుపు తీయగానే అంకుల్ అంటూ లోపలికి లాక్కెళ్ళేవాళ్ళు, ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి వాళ్ళు కింద కూర్చునేవాళ్ళు, నేను బస్సుల గురించి ఉపన్యాసమిస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. పద్ధతి ప్రకారం కాళ్ళు చూశాను. అందరి కాళ్ళూ నా వైపే! "మీకే వేస్తం అంకుల్, పరేషాన్ గాకండి" అని వరంగల్ నుంచి వచ్చిన ఒకతను నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. నా ప్రచారం బోర్డు తీసుకెళ్ళి అద్దె ఇంటి ముందు గడ్డిలో పాతాడు కూడా. ఇంటాయన పీకేస్తే మళ్ళీ పాతాడు. అలా చూసి చూసి, గెలిచాక మొదటి సమావేశానికి ఏ కోటు వేసుకోవాలా అన్నంతవరకూ వెళ్ళింది నా ఆలోచన.

ఫలితాల్లో నా పేరు పైనుంచి వెతికితే కనబడలేదు, కిందనుంచి వెతకాల్సి వచ్చింది. మర్నాడు వరంగల్ అతను కొట్టుకు వచ్చి నాకన్నా ఎక్కువ బాధపడ్డాడు. మీరంతా వేస్తే ఇలా ఎలా జరిగిందయ్యా అన్నాను.

"మాకు ఓటు యాడిది అంకుల్? మేం స్టడీ పర్మిట్ మీదున్నం గద, ఈడ సిటిజన్లకే ఓటు."

"మరి వేస్తామన్నావు?"

"మీరు ఇంటికొచ్చి అడిగిండ్రు. పెద్దోళ్ళు అడిగినంక లేదంటే ఏం బాగుంటది?"

అడగాల్సిన ఒక్క ప్రశ్న నేను అడగలేదు, చెప్పాల్సిన ఒక్క మాట మర్యాద అడ్డొచ్చి వాళ్ళు చెప్పలేదు. బహుశా మనవాళ్ళ మధ్యే జరగగల పొరపాటు అది. మా ఆవిడ ఆ వారమంతా నేను గదిలోకి వస్తే చాలు, "కౌన్సిలర్ గారూ, కాఫీ తాగుతారా?" అనేది.

ఆ దెబ్బ నా మనసులో ఎంతగా నాటుకుందంటే, మొన్న చలికాలంలో మా పిల్ల పోటీకి దిగుతున్నానని చెప్పగానే, నా అనుభవసారమంతా రెండు గంటలు ఏకధాటిగా వినిపించాను. విద్యార్థుల ఇళ్ళకు మాత్రం వెళ్ళకు తల్లీ, ప్రేమ తప్ప ఓట్లు రాలవు అన్నాను. ఓటర్ల జాబితాలో విద్యార్థులుండే వీధిలో మన తెలుగు పేర్లు కనిపిస్తున్నాయే అని ఆ పిల్ల అనుమానపడింది కూడా. జాబితాలన్నాక తప్పులుంటాయని తోసిపారేశాను. మన ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళకు, చదువుకోవడానికి వచ్చినవాళ్ళయినా సరే, అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంటుందని నాకేం తెలుసు? తనకూ తెలియదు, పౌరసత్వం వచ్చాకే పేరు నమోదు చేయించుకుంది. తెలుసుకోవడానికి మాత్రం ఒక్క ఫోను చాలు. చెయ్యలేదు. గ్వెల్ఫ్‌లో తిన్న దెబ్బకు ఇంగ్లండులో మందు రాశాను.

హాలు బయట కలిసిన ఆ తెలుగమ్మాయి సంగతి మా పిల్ల చెబుతుంటే ఫోను పట్టుకుని, ఇక ఈ గొడవ నాకొద్దు మావయ్యా అనే మాట కోసం ఎదురుచూస్తున్నాను. ఆ మాట వస్తే ఆ పాపం నాది. వచ్చే మే నెలలో అదే వార్డులో ఇంకో సీటుకు ఎన్నిక ఉంది, నా మూలంగా ఆ పిల్ల దానికి దూరమైతే నా మొహం నేనే చూసుకోలేను.

"సాయంత్రం ఆ వీధికి వెళ్తున్నా" అంది.

ఓడిన రోజేనా, నాలుగు రోజులాగి వెళ్ళొచ్చు కదా, జనం ఏమనుకుంటారు అన్నాను, అలవాటు కొద్దీ.

"మీ మాట విన్నందుకు ఏమైందో చూశాం కదా మావయ్యా! ఈసారి మీరు వినండి."

అన్నట్టే, అక్కడ సాయంత్రం, మాకు మధ్యాహ్నం, మళ్ళీ ఫోన్ చేసి, నేనేమీ మాట్లాడకూడదని మాట తీసుకుని, ఫోను కోటు జేబులో వేసుకుంది. వానచినుకుల చప్పుడు వినిపించింది. గేటు కిర్రుమంది. తలుపు తట్టింది.

"నమస్తే అండీ. ఇవాళ తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది నేనే. మీ ఇంటికి రాకపోవడం నా తప్పు. వచ్చే ఏడు మళ్ళీ నిలబడుతున్నా, మీ వీధికి ఏం కావాలో చెప్పండి, రాసుకుంటా."

లోపల ఎవరో పకపకా నవ్వారు. లోపలికి రండక్కా, తడిసిపోతున్నారు అన్న మాట వినబడింది. తర్వాత వీధి దీపాల గురించి, చెత్త డబ్బాల గురించి ఐదుగురూ ఒకేసారి మాట్లాడారు. ఆ ఇల్లు అయ్యాక పక్కిల్లు. ఆ తర్వాత దాని పక్కిల్లు. మధ్యలో మా ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుని తనూ ఫోనుకు చెవి ఒగ్గింది.

మా రోజుల్లో ఓడినవాడు పది రోజులు జనం కంటబడకుండా తిరిగేవాడు, అదే పరువనుకునేవాళ్ళం. నేనూ అలాగే కొట్టు వెనక తలుపునుంచి వచ్చీ పోయీ, బస్సుల సంగతి మళ్ళీ ఎత్తకుండా, రెండోసారి నిలబడే ఆలోచనైనా లేకుండా ఇన్నేళ్ళూ గడిపేశాను. మా వార్డులో ఓటున్న ఇళ్ళు అప్పుడూ ఉన్నాయి, నాకు తెలియని మొహాలున్న ఇళ్ళు. ఓడిన మర్నాడు వాటిలో ఒక్క తలుపు తట్టి ఉన్నా బాగుండేది.