మెడలో బ్రాందీ

మా సంఘంలో ఎవరమూ తాగం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. సంగతంతా విన్నాక చెబితే మా ఆయనే నమ్మలేదు, ఇక మీరేం నమ్ముతారు.

మేం కూడబెట్టేవి వెండి బిళ్ళలు. పూర్వం దొరల బంగళాల్లో మందును అసలు సీసాల్లోంచి అందమైన అద్దం కూజాల్లోకి వంపుకునేవారట. కూజాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, దేంట్లో ఏముందో తెలియడానికి ప్రతి కూజా మెడకూ సన్నని గొలుసుతో ఒక వెండి బిళ్ళ తగిలించేవారు. రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. దాని మీద ఇంగ్లీషులో పోర్టు అనో షెర్రీ అనో చెక్కి ఉంటుంది. దొరలు పోయారు, కూజాలు పగిలాయి, బిళ్ళలు మాత్రం మిగిలాయి. వెండి కదా, ఎవరు పారేస్తారు? బంగళా సామాను వేలంలో కొన్నవాళ్ళ ఇళ్ళలోనూ, పాత వెండి కొట్లలోనూ ఇప్పటికీ అడపాదడపా దొరుకుతాయి.

దొరికినప్పుడల్లా మాకు పూనకం వస్తుంది. మేం నలుగురం. కర్నూలు పాతబస్తీలో అత్తరు కొట్టు నడిపే పెద్దాయన అధ్యక్షుడు, ఆయన్ను అందరం భాయ్ అంటాం. కడపలో కిరాణా, పసుపు వ్యాపారం చేసే సెట్టిగారు కోశాధికారి, కోశం అనేది లేకపోయినా. తుమ్మలపల్లె గనిలో పనిచేసే సర్వేయరు కార్యదర్శి, అతనికి కారుంది కాబట్టి. నేను కర్నూలు కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పదవులు పంచుకుంటున్న రోజు నేను ఉగ్గాని, బజ్జీల ధ్యాసలో పడి పట్టించుకోలేదు. తలెత్తి చూసేసరికి పదవులన్నీ అయిపోయాయి. అందుకని సంఘం సభ్యత్వమంతా నేనొక్కదాన్నే.

నెలకోసారి ఆదివారం నాడు కలుస్తాం, ఒకసారి కర్నూలులో, ఒకసారి కడపలో. కలిసినప్పుడు ఒక ఆచారం ఉంది. బిళ్ళలను ఊరికే పెట్టెలో పెట్టి చూడకూడదు, సీసాల మెడకు తగిలించాలి. ఆ సీసాల్లో రంగు కుదిరే పానీయాలు పోయాలి. పోర్టుకు నన్నారి షర్బత్, క్లారెట్‌కు దానిమ్మ రసం, షెర్రీకి బెల్లం పానకం. ఇక అడిగేటప్పుడు బిళ్ళ మీది పేరుతోనే అడగాలి. పానకం అని నోరు జారితే ఆ పూట గ్లాసులు కడగాలి. అందరికన్నా ఎక్కువసార్లు కడిగింది నేనే.

సెట్టిగారింట్లో సమావేశమైతే ఆ సందడే వేరు. ఆయన భార్యను నేను అక్కా అంటాను. మందు కూజాలాంటిది ఏదీ ఇంటి గడప తొక్కకూడదని అక్క ఆంక్ష. అందుకని స్టీలు మూతల గాజు జగ్గులే మాకు కూజాలు. వాటి చుట్టూ కూర్చుని భాయ్ తెల్ల గడ్డం సవరించుకుంటూ, "సెట్టీ, ఇంగ రవ్వంత క్లారెట్ పొయ్యప్పా" అంటే ఆ మాట వీధి దాకా వినిపించేది. పక్కింటి పెద్దాయన ఒకాయన కొన్నాళ్ళు గోడ మీదుగా చూసి చూసి, చివరికి సిగ్గు విడిచి గ్లాసు తెచ్చుకుని వచ్చాడు. షెర్రీ ఒక గుక్క తాగాడు. మా నలుగురి ముఖాలూ చూశాడు. "మీకు పనిపాట లేదా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

అలాంటి ఒక సమావేశం అయ్యాక సెట్టిగారు పసుపు చూడడానికి కమలాపురం పోతుంటే మేమూ కారెక్కాం. ఆ రైతు ఇంట్లో ఆయన ఏళ్ళ తరబడి పసుపు కొంటున్నాడు. ఇంటి పెద్ద ఒక అవ్వ. ఆమె కొడుకు, కోడలు, మూడో నెల మనవరాలు, అంతే ఇల్లు. ముందు గదిలో గోడ నిండా ఫొటోలు. ఒక్కటి తప్ప అన్నీ పసిపిల్లలవే. అన్నిటికన్నా పాతదాంట్లో ఒక బొద్దు మగపిల్లాడు బోర్లా పడి తల ఎత్తి చూస్తున్నాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. మొలతాడు ఉంది, మెడలో గొలుసుకు ఒక బిళ్ళ ఉంది. బిళ్ళ మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో బ్రాందీ అని ఉంది.

పక్క ఫొటోలో ఇంకో పిల్లాడు, వాడి మెడలోనూ బ్రాందీయే. తర్వాతి ఫొటోలో రెండు పిలకల పాప, ఆమెకూ అదే. గోడంతా అదే వరస. చివర్లో మాత్రం దండ వేసిన ఒక మీసాల కుర్రాడి పటం, దాంట్లో బిళ్ళ లేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. సర్వేయరు గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. భాయ్‌కి నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళుగా ఆయన వెతుకుతున్న బ్రాందీ అది. మా దగ్గర లేనిది అదొక్కటే.

అవ్వ దాన్ని ట్రంకుపెట్టెలోంచి తీసి చూపించింది. ఆమె ముత్తవ్వ కడపలో ఒక దొర బంగళాలో బిడ్డను పెంచిందట. పోతూ పోతూ దొరసాని ఇచ్చిందట. "మా ఇంట్లో పుట్టినోళ్ళందరికీ ఉయ్యాల్లో ఏసే పొద్దు ఇది కడతాం. పండ్లు వచ్చేదంక తీయం" అంది. బిడ్డకు ఎప్పుడు కడతారని అడిగితే, వచ్చే ఆదివారమే అంది. ఆ ఆదివారం కూడా మేం కడపలోనే ఉండేలా భాయ్ అక్కడికక్కడే అత్యవసర సమావేశం ప్రకటించేశాడు. ఆ సమావేశం అయ్యేదాకా బిళ్ళ ఇమ్మని సెట్టిగారు అడిగాడు.

అవ్వ బిళ్ళను కొంగున ముడేసి, మళ్ళీ విప్పింది. "సెట్టీ, నీ మాట మీద ఇస్తాండా. ఆదివారం పొద్దు గూకక ముందే ఇది ఈడ ఉండల్ల. ఇది లేకుండా నా మనవరాలు ఉయ్యాల ఎక్కేది లేదు. ఇంగోటి తెచ్చి కడతామంటే ఒప్పుకోను" అంది. ఆ చివరి మాట అంటూ ఎందుకో గోడ చివరి పటం వైపు చూసింది. సెట్టిగారు పసుపు కొమ్ము మీద ఒట్టేశాడు.

కారులో కడప దాకా నవ్వు ఆగలేదు. ఆ ఇంట్లో తరాలుగా పిల్లలు బ్రాందీ కట్టుకొని పెరుగుతున్నారు, పాపం వాళ్ళకు అదేమిటో తెలీదు. ఈ సంగతి ఆ అవ్వ చెవిన ఎప్పటికీ వేయకూడదని తీర్మానించాం. మా సంఘం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం అదొక్కటే. భాయ్ మనసులో ఇంకో ఆశ కూడా ఉంది. బిడ్డకు వెండి మురుగులు చేయించి తీసుకుపోయి, బిళ్ళకు మార్పిడిగా ఇస్తామని మెల్లగా అడగాలని. ఆదివారం వచ్చేసరికి మురుగులు ఆయన జేబులో ఉన్నాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం సెట్టిగారి వసారాలో గొడవ మొదలైంది. బ్రాందీ దేనికి తగిలించాలి? జగ్గులన్నిటికీ అప్పటికే బిళ్ళలు తగిలించేశాం. రంగుకు బెల్లం పానకమే సరి అని భాయ్ అన్నాడు. పానకం షెర్రీది, షెర్రీని కదిలిస్తే ఊరుకోనని సెట్టిగారు అన్నాడు. కాఫీ డికాక్షన్ అన్నాను నేను. నన్నెవరూ పట్టించుకోలేదు. చివరికి సర్వేయరు, సోడాలమ్మే ఆయన గుమ్మం పక్కన నీడకు దించిపోయిన గోలీసోడాల పెట్టె చూపించి, "బ్రాందీకి జోడు సోడానే గద సార్, దానికే ఏస్తే సరిపాయ" అన్నాడు.

మందు ముట్టని నలుగురికి ఆ మాట మహా శాస్త్రీయంగా తోచింది. సోడాబుడ్డి నొక్కుడు మెడకు గొలుసు ఎంత చక్కగా కూర్చుందంటే, దాన్ని ఆ బుడ్డి కోసమే చేశారేమో అనిపించింది. ఫొటోలు తీసుకున్నాం. ఎండ తగలకుండా బుడ్డిని మళ్ళీ పెట్టెలోనే, తడిగుడ్డ కింద పెట్టాం. తర్వాత అక్క సంకటీ, చెనక్కాయల ఊరిబిండీ, పప్పూ వడ్డించింది. సంకటి తిన్నవాళ్ళకు లోకంతో పని ఉండదు. నలుగురం చాప మీద తలా ఒక దిక్కుకు ఒరిగాం.

లేచి చూస్తే పెట్టె లేదు.

"సోడాయప్ప వచ్చి ఎత్తుకొని పాయ గదా" అంది అక్క వంటింట్లోంచి. "ఆ గొలుసు సోడా గుడక పాయ. మీరే చెప్పింటారనుకుంటి."

సెట్టిగారి ముఖం చూడలేకపోయాను. పొద్దు అప్పటికే పడమటికి వాలింది. చెప్పులు ఎవరివి ఎవరు వేసుకున్నామో తెలియకుండా కారెక్కాం. నేను సెట్టిగారి చెప్పులతో ఉన్నానని మర్నాడు కర్నూలులో తెలిసింది. సోడాలు చేసే షెడ్డు దగ్గరకు పోతే సోడాయప్ప భార్య బుడ్లు కడుగుతోంది. "బండి తోలుకొని మ్యాచి కాడికి పాయ" అని ఊరి చివరి మైదానం వైపు చెయ్యి చూపించింది.

మైదానం ఇంకా కనబడకముందే మైకు వినబడింది. "ఈ ఓవర్లో సిక్సు కొట్టినోనికి వెండి గొలుసు సోడా ఉండాది, స్పెషల్ సోడా" అని ఎవరో గొంతు చించుకుంటున్నారు. సోడాబండి ముందు పెద్ద గుంపు. మేం గుంపును తోసుకుని పోయేసరికి బంతి మా నెత్తి మీదుగా వెళ్ళి కంపచెట్లలో పడింది. బ్యాటు పట్టుకున్న భారీ మనిషి చేతికి బుడ్డి చేరిపోయింది. అతను పిచ్ నడుమ నిలబడి గోలీ కొట్టి, గొలుసు ఊగుతుండగా గటగటా తాగుతున్నాడు. ఊరంతా ఈలలు.

భాయ్ నా జీవితంలో నేను చూసిన అత్యంత నెమ్మదైన మనిషి. అత్తరు చుక్క దూది మీద వేయడానికే నిమిషం తీసుకుంటాడు. ఆయన లుంగీ ఎగ్గట్టి మైదానంలోకి పరుగెత్తాడు. వెనకాల సెట్టిగారు, ఆయన వెనక సర్వేయరు, వాళ్ళ వెనక పెద్ద చెప్పులతో నేను. అంపైరు రెండు చేతులూ ఎత్తేశాడు. ఏ సైగ చేయాలో ఆయనకూ తెలియలేదు.

"ఏమప్పా, ఇది కప్పు గాదా?" అన్నాడు బ్యాటాయన, బుడ్డి గుండెకు హత్తుకుని.

"కాదు నాయనా. ఒక బిడ్డను ఉయ్యాల్లో ఏయల్ల. ఈ బిళ్ళ లేకపోతే ఆ బిడ్డ ఉయ్యాల ఎక్కదంట" అన్నాడు భాయ్ రొప్పుతూ.

ఆ మనిషి ఇంకేమీ అడగలేదు. గొలుసు విప్పి, తన టీషర్టుకు తుడిచి, భాయ్ చేతిలో పెట్టాడు. సోడాయప్ప దూరంగా నిలబడి, "మీరే కట్టింటిరి గద సామీ, ఊరికే కట్టరులే అని నేను తీయల్యా" అని గొణిగాడు. మైకులో మాత్రం గొంతు మళ్ళీ లేచింది. "బిడ్డ కోసరం బ్రాందీ పోతాండాది, అందరూ చప్పట్లు కొట్టండి." చప్పట్లు కొట్టారు. సంఘం పెట్టాక మాకు దక్కిన బహిరంగ సన్మానం అదొక్కటే.

కమలాపురం చేరేసరికి పొద్దు ఇంకా నిలిచి ఉంది, కొసన. అవ్వ గడప దగ్గరే ఉంది. ఉయ్యాలకు పూలు కట్టేసి, వచ్చినవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. బిళ్ళను అరచేతిలో పెట్టగానే అవ్వ దాన్ని కళ్ళకద్దుకుని, మా ముందే కూర్చుండిపోయింది. మా నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

బిడ్డ మెడలో గొలుసు వేసి, ఉయ్యాల్లో పడుకోబెట్టి, పక్కనే కూర్చుని ఆమె మా వైపు తిరిగింది. "దీని మీద ఏం రాసిండాదో చదివితిరా?" అని అడిగింది.

తీర్మానం గుర్తొచ్చింది. సెట్టిగారు గొంతు సవరించుకుని, "అదీ, దొరసాని పేరు మాదిరి ఉండాది" అన్నాడు.

"బ్రాందీ అని ఉండాది" అంది అవ్వ. "నా కొడుకు ఆరో తరగతిలోనే చదివి చెప్పినాడు. పోయిన వారం ఆ పటాల కింద నిలబడి నోట్లో గుడ్డలు కుక్కుకొని నగుతాంటిరి మీరు. నాకు కండ్లు లేవా?"

భూమి చీలితే దూరేసేదాన్ని. "తెలిసి కూడా కడుతున్నావా అవ్వా?" అన్నాను.

"తెలిసినాకే ఇంగా గట్టిగా కడతాండా. మా నాయన, మా చిన్నాయన, నేను, నా కొడుకు. ఇది కట్టుకోని పెరిగినోళ్ళు ఒక్కరూ సుక్క ముట్టలేదమ్మా. చిన్నప్పుడే మెడకు తగిలిచ్చుకుంటిరి, వాళ్ళ వంతు ఆడికే అయిపాయ." ఆమె గోడ చివర దండ వేసిన మీసాల కుర్రాడి పటం చూపించింది. "ఈ ఇంట్లో ఇది కట్టుకోనోడు ఆయప్ప ఒకడే. నన్ను చేసుకోని ఈ ఇంటికి ఇల్లటం వచ్చినోడు గదా. నా కొడుకు ఉయ్యాల్లో ఉండంగానే తాగి తాగి పాయ."

భాయ్ జేబులోంచి మురుగులు తీశాడు. మార్పిడి మాట ఆయన నోటి దాకా కూడా రాలేదు. వంగి బిడ్డ రెండు చేతులకూ తొడిగి, ఆ చిన్న మణికట్ల మీద తన వేళ్ళు కాసేపు అలాగే ఉంచాడు.

"ఏమట్ల మొగాలు యాలాడేస్తిరి?" అంది అవ్వ లేస్తూ. "బిడ్డ ఉయ్యాల ఎక్కె. ఎవురికన్నా పాట వస్తే పాడండి."

పాట మాలో ఒక్కరికీ రాదు. ఉయ్యాల ఊపాం. ఊపులో బిళ్ళ జారి గడ్డం దగ్గరకు వస్తే, ఆ పిల్ల దాన్ని పిడికిట పట్టి నేరుగా నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. నేను కంగారుగా చెయ్యి చాచాను.

అవ్వ నా చెయ్యి ఆపింది. "చీకనీలే అమ్మా" అంది. "ఇప్పుడే అయిపోనీ."